చీలిన తోక

సముద్రం ఒడ్డున మా తిరువొత్తియూరులో రైలు దిగినప్పుడు తలమీదుగా పిట్ట ఎగిరితే, ఇప్పటికీ ముందు దాని తోకే చూస్తాను.

చిన్నప్పుడు, చేపలకెళ్లిన నాన్న పడవ ఆలస్యమైన రోజు, అమ్మా నేనూ ఒడ్డున నిలబడ్డాం. చేపల పడవల వెంట సీగల్స్ అనే సముద్రపు పిట్టలు వస్తాయని లైబ్రరీ పుస్తకంలో చదివున్నాను.

"ఆడ నల్లంగా వచ్చేది ఏందే?" అమ్మ నా భుజం పిండేస్తోంది.

"అది టెర్న్ పిట్ట మా. తోక చీలుండాది. సీగల్ తోక విసనకర్ర మాదిరుంటాది. సీగల్ వస్తే నాయనొచ్చినట్టే."

"సరిగ్గా చూడవే!"

చూస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి అమ్మ నీళ్లలోకి పరుగెత్తింది. నాన్న పడవ వచ్చేసింది, వెనక ఒక్క పిట్టా లేకుండా. చేపలు పడని పడవ వెంట అవి రావని పుస్తకం చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఆకాశం చూస్తూ నిలబడ్డ నేనే నాన్నను అందరికన్నా ఆఖరున చూశాను.