పైపుకు దూది చుట్టిన చలికాలం

పెళ్లయి కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దగ్గరి ఇచ్చోడకు వచ్చాక చలి అంటే ఏమిటో నాకు తెలిసింది. మా కరీంనగర్‌లో చలికాలమంటే పొద్దున ఒక స్వెట్టర్ వేసుకుని, ఎండెక్కగానే తీసి కుర్చీ మీద పడేయడం. ఇచ్చోడలో స్వెట్టర్ వేసుకున్నాక దాని మీద ఇంకేం వేసుకోవాలా అని బీరువా వెతుక్కోవాలి.

మా అత్తమ్మకు కీళ్లనొప్పులు. చలి ముదిరితే వేళ్లు ముడవడానికి రావు. అయినా తెల్లారేసరికి కట్టెల పొయ్యి ముందు కూర్చుని, పొగకు దగ్గుతూ, తన స్నానానికి తానే నీళ్లు కాగబెట్టుకునేది. అది చూడలేక మా ఆయన డాబా మీద సోలార్ హీటర్ పెట్టించాడు.

ఎండ బాగా పడేది ఇంటి ముందు మూలన. బాత్‌రూం ఉన్నది వెనక పెరట్లో. వేడినీళ్ల పైపు డాబా అంతా దాటి, వెనక గోడ దిగి రావాలి. రాత్రంతా చలిలో ఉన్న ఆ పైపులో నుంచి పొద్దున ముందుగా వచ్చేవి వణికించే నీళ్లు. ఓ బకెట్ నిండాక గానీ గోరువెచ్చగా అయ్యేవి కావు.

మొదటిరోజే అత్తమ్మ లోపలి నుంచి అరిచింది. "గీ నీళ్లు పైన మసులుడేంది, నల్లా కాడికి వచ్చేసరికి ఇగం లెక్క అయ్యుడేంది?"

"జరసేపు ఇడువుండ్రి అత్తమ్మా, వేడియి వస్తయి."

"బకెట్ నీళ్లు మోరీల ఇడువాల్నా? నాతోని కాదు."

ఎండాకాలాల్లో దూరం నుంచి నీళ్లు మోసిన మనిషి. ఇక ఆమెను ఒప్పించడం ఎవరి తరమూ కాలేదు. మళ్లీ పొయ్యి అంటించుకుంది.

మా ఆయన మనసు నొచ్చుకుంది. ఆదిలాబాద్ పోయి, పైపులకు తొడిగే నల్లటి స్పాంజి గొట్టాలు తెచ్చాడు. సెలవురోజున డాబా ఎక్కి, పైపు పొడుగునా తొడిగి టేప్ చుట్టాడు. మర్నాడు చెంబెడు నీళ్లు పోగానే వేడినీళ్లు వచ్చాయి. అత్తమ్మను పిలుద్దామనుకునేలోగా కోతులు వచ్చాయి.

అరటిపండు ఒలిచినట్టు ఒలిచేశాయి. ఒకటి ట్యాంకు మీద కూర్చుని స్పాంజి ముక్క నమిలి ఉమ్మేసింది. తినడానికి పనికిరాదని తెలిసిపోయింది కదా, అంతటితో ఆగొచ్చు. ఆగలేదు. మిగిలినదంతా కూడా అంతే చప్పగా ఉందేమో చూడాలనుకుందేమో, చివరిదాకా పీకి, కొరికి చూసింది.

పక్కింట్లో ఉండే ఆమెను నేను ఆపా అంటాను, అంటే అక్క అని. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. గోడ మీద నుంచి ఈ తమాషా అంతా చూసి, "ఫికర్ జెయ్యకు చెల్లె, మా ఇంట్ల పాత స్వెట్టర్లు మస్తున్నయి. కుట్టేద్దాం" అంది. మేమిద్దరం ఎండలో కూర్చుని స్వెట్టర్లు, పాత గొంగడి కత్తిరించి పైపు చుట్టూ కుట్టాం. అత్తమ్మ సూది పట్టలేకపోయినా పక్కన కూర్చుని, ఎక్కడ కుట్టు వదులైందో చూపించింది. చాయ్ రెండుసార్లు అయ్యింది. కుట్టు కంటే ముచ్చట్లే ఎక్కువ నడిచాయి.

మరుసటి పొద్దున ఒక తల్లి కోతి ఎర్ర స్వెట్టర్ చెయ్యిని ఈడ్చుకుంటూ ప్రహరీ గోడ మీద దర్జాగా పోతూ కనిపించింది. ఆపాకు నవ్వాగలేదు. "పోనీ చెల్లె, దానికి గూడ సలి వెడ్తున్నదేమో!"

మా ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అప్పుడు అత్తమ్మ పెరట్లో గోడవారగా పడి ఉన్న బోరు పైపుల వైపు చూసింది. మోటారు మార్చినప్పుడు మిగిలిన లావు ప్లాస్టిక్ పైపులవి.

"గా లావు పైపును నిలువుగ చీరరాదు కొడుకా? ఈ పైపును దాని నడుమ వెట్టి దూది కూరుదాం. గట్టి పైపును కోతులేం ఒలుస్తయి?"

"చీరుడంటే మాటలానే అవ్వా?"

"మాటలెందుకు? రంపం తే."

మా ఆయన రంపంతో రెండు రోజులు కుస్తీ పట్టాడు. కోత ఒక చోట అటు, ఒక చోట ఇటు పోయి వంకరలు తిరిగింది. నేను పాత పరుపు విప్పి దూది తీశాను. ఆపా, నేను దూదిని పైపు చుట్టూ పరిస్తే, ఆయన చీరిన పైపును పైనొక చెక్క, కిందొక చెక్కగా మూసి తీగతో బిగించాడు. వానకు తడవకుండా చివరల్లో సైకిల్ ట్యూబు ముక్కలు కట్టాం. డాబా మీద ముగ్గురం తలల నిండా దూది అంటుకుని ముసలివాళ్లమైపోయాం.

కోతులు వచ్చాయి. పైపు మీద నడిచాయి, గోకాయి, జారాయి. విసుగొచ్చి వెళ్లిపోయాయి.

ఆ ఆదివారం పొద్దున అత్తమ్మను బతిమిలాడి బాత్‌రూంలోకి పంపి నేను తలుపు బయట నిలబడ్డాను. నల్లా తిప్పిన చప్పుడైంది.

"అత్తమ్మా, వేడియి వచ్చినయా?"

తలుపుకు చెవి ఆనించాను. అంతలో లోపలి నుంచి గట్టిగా కేక. "ఓ పిల్లా! కాల్తున్నయే! సల్లనీళ్లు తే!"

అంత సంతోషంగా నేనెప్పుడూ చన్నీళ్లు మోయలేదు. చాలాసేపటికి గానీ ఆమె బయటికి రాలేదు. వచ్చాక తన జడ తానే అల్లుకుంది. చలికాలంలో ఆ వేళ్లు అలా ఆడగా చూడటం నాకు అదే మొదలు. చర్చికి ఇంటిల్లిపాదిలో ముందు తయారైంది ఆమే.

క్రిస్మస్‌కు ఖానాపూర్ నుంచి అత్తమ్మ చెల్లెలు వచ్చింది. అక్క చెప్పిన గొప్పలు విని, పొద్దున అందరికంటే ముందు బాత్‌రూంలో దూరింది. ఎంతసేపటికీ తలుపు తీయదు. తీసేసరికి ట్యాంకులో వేడినీళ్లు చుక్క మిగల్లేదు.

"అక్కా, ఏం నీళ్లే! బయటికి రాబుద్ధి గాలే!" అంటూ తల తుడుచుకుంది.

అత్తమ్మ గర్వంగా నవ్వింది. ఆ పండగపూట మా ఆయన చన్నీళ్ల స్నానం చేసి, చర్చిలో వణుకుతూనే అందరికంటే గట్టిగా పాడాడు.