విరగాల్సిన బోల్టు

మా పెద్దమ్మ పోయింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద నడుం వాల్చి, ఇక లేవలేదు. కబురు ఆమె ట్రాక్టరు డ్రైవర్ చెప్పాడు. "దీదీ, అమ్మ లేవటం లేదు. తిడతాదని ఒక్కసారే పిలిచాను" అన్నాడు ఫోన్లో. అతనిది ఛత్తీస్‌గఢీ. తెలుగు మొత్తం మా పెద్దమ్మ దగ్గరే నేర్చుకున్నాడు, అందులో సగం తిట్లు. నేను ఉండేది రాయపూర్‌లో, ఆ మోవా పేటలోనే, వాళ్ళకి రెండు వీధుల అవతల. వెళ్ళేసరికి ఆమె కుడి చెయ్యి చాప దాటి నేల మీద ఉంది, వేళ్ళు ఇంకా దేన్నో పట్టుకోబోతున్నట్టు వంగి ఉన్నాయి. బతికినన్నాళ్ళూ గిన్నెలు విసిరి, తలుపులు బాది, వీధి మొత్తాన్ని హడలగొట్టిన మనిషి అంత చప్పుడు లేకుండా పోవడం నాకు అన్యాయంగా తోచింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. కోపం మా అమ్మ వైపు వాళ్ళందరికీ ఉన్నదే.

ఆమెకి కోపం వస్తే ఇంట్లో సామాను బతికి బట్టకట్టేది కాదు. వాళ్ళింట్లో సొట్ట లేని స్టీలు గ్లాసు ఒక్కటి కూడా నేను చూడలేదు. పండక్కి కొత్త పింగాణీ కప్పులు పట్టుకెళ్తే, "ఎందుకే, వీటికి నాతో ఎన్నాళ్ళు రాసుందని?" అని తనే నవ్వేది. ఒకసారి కరెంటు మీటరు చూసేవాడు తప్పు రాశాడని కుర్చీ ఎత్తి గోడకి కొట్టింది. వాడు పారిపోయాడు. ఆమె విరిగిన కుర్చీ కాళ్ళు ఏరి పొయ్యిలో పెట్టి వాడికోసం టీ కాచింది, వాడు మళ్ళీ రాలేదు. మనిషి మీద మాత్రం చెయ్యి చేసుకోగా నేను చూసింది ఒక్కసారే. దాని సంగతికి వస్తాను.

మా పెద్దనాన్న శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి భన్‌పురిలో ఒక రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డాక రాయపూర్ చుట్టూ ఎక్కడ చూసినా ప్లాట్లే. కొన్నవాళ్ళు గోడ కట్టి మరిచిపోయేవారు. వానలు పడితే ఆ ప్లాట్లలో వయ్యారిభామ, మన లొట్టపీసు మనిషెత్తు పెరిగేవి. లొట్టపీసుని ఇక్కడ బేషరమ్ అంటారు, ఎన్నిసార్లు నరికినా సిగ్గు లేకుండా లేస్తుందని. ఆ పిచ్చి మొక్కల్లో ఆయనకి బతుకుతెరువు కనిపించింది. మిల్లు మానేసి నలభై ఐదు హార్స్‌పవర్ ట్రాక్టరు కొన్నాడు, దాని వెనక తగిలించడానికి రోటరీ కట్టర్ చేయించాడు. చూడనివాళ్ళకి చెప్తాను: నేలకి జానెడు ఎత్తులో వేలాడే పెద్ద ఇనప మూత అది. దాని కింద సీలింగ్ ఫ్యాన్ రెక్కల్లా రెండు బరువైన కత్తులు తిరుగుతాయి. లేత కొమ్మైనా మొండి మోడైనా దానికి ఒకటే.

ట్రాక్టరు బలాన్ని కత్తులకి అందించే షాఫ్ట్‌లో ఒక మెత్తటి బోల్టు ఉంటుంది. కత్తికి రాయో కడ్డీయో తగిలితే ముందు ఆ బోల్టు విరిగి, కత్తులకి బలం అందకుండా చేస్తుంది. విరగడమే దాని ఉద్యోగం. కానీ ఆ వానాకాలం అది పదే పదే విరిగి, దిగడం, మార్చడం, మళ్ళీ ఎక్కడం. పెద్దనాన్నకి విసుగొచ్చింది. రోలింగ్ మిల్లు మనిషి కదా, ఉక్కు సంగతి తెలుసన్న ధీమా. భన్‌పురిలో తెలిసిన వర్క్‌షాపులో గట్టి ఉక్కుతో బోల్టు చేయించి బిగించాడు. అది ఎప్పుడూ విరగదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

అది విరగలేదు. బేషరమ్ పొదల్లో పూడిపోయిన ఇనప కడ్డీకి కత్తి తగిలినప్పుడు కత్తే విరిగింది. ఆ ముక్క మూత వెనక నుంచి ఎగిరొచ్చి, పక్కన నిలబడి డ్రైవర్‌కి దారి చూపిస్తున్న పెద్దనాన్న తొడని తెంచేసింది. పెద్దమ్మ అన్నం క్యారేజీతో అప్పుడే అక్కడికి వెళ్ళింది. కొంగు చింపి కట్టింది, పిడికిలితో నొక్కింది, చివరికి మోకాలు పెట్టి నొక్కింది. ఆటో వచ్చేలోపు ఆ ఊదారంగు పూల మధ్యే ఆయన చల్లబడిపోయాడు. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆమె మోచేతుల దాకా రక్తం ఎండి నల్లబడి ఉంది. కడుక్కోమంటే నా చెయ్యి విదిలించేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె వీధిలోకి సమ్మెట తీసుకొచ్చింది. బంధువులంతా ఉండగానే ఆ కట్టర్ మీద మొదలుపెట్టింది. మూత సొట్టలు పోయి చీలింది, పక్క రేకులు ఊడాయి, రెండో కత్తి వంగిపోయింది. అరచేతులు చిట్లి సమ్మెట పిడి ఎర్రబడింది. ఆపబోయిన మా మావయ్యని చూసిన చూపుకి ఆయన అరుగెక్కేశాడు. షాఫ్ట్ మీద ఎంతసేపు కొట్టిందో. అన్నీ వంగాయి, ఆ బోల్టు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పుడు ఆగింది. వంగి దాన్ని వేలితో తడిమింది. ఇది విరిగుంటే కత్తి విరిగేది కాదని డ్రైవర్ ఏడుస్తూ చెప్పాడు. ఆమె అన్న మాట అక్కడున్న అందరికీ గుర్తే.

"ఇరగవలసింది ఇరగాల. అది ఇరగకపోతే మనిషి ఇరుగుతాడు."

ట్రాక్టరు అమ్మేయమన్నారు అందరూ. ఆమె ఒప్పుకోలేదు. ట్రాక్టరు ఏం పాపం చేసింది, తగిలించింది మంచిది కాదు గాని, అంది. డ్రైవర్ భార్య కడుపుతో ఉండేది. ఆ యంత్రం దగ్గరికి తన మనిషిని పంపనని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. పెద్దమ్మ ఆమె పక్కనే కూర్చుని, నీ మొగుడు రెండు కాళ్ళతో పొద్దున ఎలా వెళ్తే సాయంత్రం అలా వస్తాడు, అలా రాని రోజు ఆ సమ్మెట నా నెత్తిన వెయ్యి అని మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఆ తర్వాత బతికిందనుకుంటాను.

కట్టర్ కొనడానికి భన్‌పురి వెళ్తూ హిందీ కోసం నన్ను వెంట తీసుకెళ్ళింది. నా హిందీ అవసరం ఒకటి రెండు చోట్లే పడింది. ముందు తన కొంగుతో ట్రాక్టరు వెనక చక్రాల వెడల్పు ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి, కొంగుకి ముడి వేసుకుంది. షాపువాడు ఏడడుగులది చూపించి, పెద్దదైతే పని తొందరగా అవుతుందన్నాడు. చక్రాలు తొక్కినంత మేర కోస్తే చాలు, అంతకు మించి లాగితే ట్రాక్టరు రొప్పుతుంది, రొప్పేదాన్ని తోలేవాడు తొందరపడతాడు, అంది. కొంగు ముడికి సరిపోయినవి ఆరడుగులవి. అవి మూడు వేరుగా పెట్టించి, ఆటోలోంచి మూడు బూడిద గుమ్మడికాయలు దింపింది.

మనం కొత్త బండికి గుమ్మడికాయ కొట్టేది కొన్న తర్వాత. ఆమె కొనకముందే కొడతానంది. ప్రతి కాయకీ పైన కోసి, లోపల పసుపు, సున్నం, కుంకుమ కూరింది. యార్డులో రెండు గడకర్రలు పాతించి మధ్యన పెద్దనాన్న తెల్ల పంచె పరదాలా కట్టింది. సరిగ్గా ఆయన ఆ రోజు నిలబడినంత దూరంలో. కట్టర్‌ని ఒక్కొక్కటిగా షాపు ట్రాక్టరుకి తగిలించి కాయ మీదుగా పోనివ్వాలి, ఎరుపు ఎగిరి ఎంత ఎత్తున పడుతుందో చూడాలి. అదీ ఆవిడ పరీక్ష.

షాపువాడికి చెమటలు పట్టాయి. యంత్రం పాడవుతుందని కాదు. "మాజీ, హమారే యహా ఔరతే కుమ్హడా నహీ కాట్‌తీ. వో ఘర్ కా బడా బేటా హోతా హై" అన్నాడు. ఈ వైపు గుమ్మడికాయని ఇంటి పెద్దకొడుకుగా చూస్తారు. మగవాడు ముందు గాటు పెట్టందే ఆడవాళ్ళు దాని మీద కత్తి వెయ్యరు.

మా పెద్దమ్మకి పిల్లలు లేరు. ఆ మాట ఆమెకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు, ఇక ఆ యార్డులో ఏమేం పగులుతాయోనని నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె మాత్రం ఏమీ పగలగొట్టలేదు. కాయని రెండు చేతులా ఎత్తి నేల మీద నిలబెట్టి, తలకి కాస్త పసుపు రాసింది.

"అయితే మరీ మంచిది. పెద్దకొడుకు మీదే పోనిచ్చి చూద్దాం. పరాయోళ్ళ కొడుకుని కూర్చోబెట్టే ముందు" అంది. నేను హిందీలో చెప్పాను. షాపువాడు ట్రాక్టరు తాళం తన పనివాడి చేతికిచ్చాడు.

మొదటి కట్టర్ వెనక ఏ అడ్డూ లేదు. కాయ పేలినట్టే పేలింది. ఎర్రటి ముద్దలు పంచె మీద రొమ్ము ఎత్తున తప్ తప్‌మని పడ్డాయి. ఒకటి షాపువాడి చొక్కా మీద పడింది, అతను నిజంగానే తన రక్తమేమోనని తడుముకున్నాడు. రెండోదానికి రబ్బరు పట్టీ ఉంది. ఎరుపు తొడల దాకా వచ్చింది. పెద్దమ్మ ఆ మరక దగ్గర నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. నేను చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. మూడోదానికి ముందూ వెనకా దట్టంగా గొలుసులు వేలాడుతున్నాయి. కాయ లోపలే నుజ్జయింది, పంచె అంచుకి మాత్రం నాలుగు చుక్కలు అంటుకున్నాయి.

నేను ఇంటికి పోవచ్చనుకున్నాను. ఆమె వెల్లకిలా పడుకుని కట్టర్ కిందకి దూరింది. కత్తుల్ని కాలితో తన్ని, రాయి తగిలితే అవి వెనక్కి మడుచుకుంటాయా లేదా అని చూసింది. మడుచుకున్నాయి. షాపువాడు బేరం కుదిరిందన్న హుషారులో బోల్టు చూపించి, ఇది ప్రత్యేకంగా వేయించింది, ఎన్నేళ్ళైనా విరగదు అన్నాడు. పాపం, మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె కింద నుంచి పాకి వచ్చి, అక్కడున్న పానా అందుకుని యార్డు ఆఫీసు కిటికీ అద్దం మీదకి విసిరింది. అద్దం భళ్ళున రాలింది. పెద్దనాన్న సంగతి నేను గబగబా చెప్పుకొచ్చాను. అతను అద్దం ముక్కలు దాటుకొచ్చి, తన చేత్తోనే ఆ బోల్టు ఊడదీసి మెత్తటిది బిగించాడు. ఆ తర్వాత అతనే మా పెద్దమ్మని "మౌసీ" అని, పిన్నిని పిలిచినట్టు పిలిచేవాడు. మొన్న ఆమె పోయిందని విని ఇంటికి వచ్చి గేటు పట్టుకుని ఏడ్చాడు.

ఆమె చెయ్యి మనిషి మీద పడింది ఆ తర్వాత కొన్నేళ్ళకి. ఒక రోజు సాయంత్రం డ్రైవర్ వస్తే, ఈ రోజు బోల్టు ఇరగలేదేటి అని అడిగింది. రాళ్ళ ప్లాటు, ముసురు, అయినా విరగలేదంటే ఆమెకి అనుమానం. కిందకి దూరి చూస్తే గట్టి బోల్టు. తొందరగా ఇంటికి వచ్చేద్దామని డ్రైవరే మార్చాడు. బయటికి వచ్చి అతని చెంప పగలగొట్టింది, వాళ్ళావిడ, పిల్లలు చూస్తుండగా. నోట్లో రక్తం వచ్చింది. తర్వాత అదే చేత్తో అన్నం కలిపి ముద్దలు పెట్టింది. అతను తిన్నాడు. "మీ అయ్యగారిదీ తొందరే బాబూ, ఇంకేటీ కాదు" అంది. ఆ చెంప దెబ్బని అతను ఇప్పటికీ పతకంలా చెప్పుకుంటాడు.

పని జరిగే చోట ఆమె పెట్టిన కట్టుబాటు ఇంకోటి ఉంది. డ్రైవర్ మీసం కనబడిందంటే నువ్వు దగ్గరున్నట్టే, ఇంకా వెనక్కి పో అనేది. ఇంజను ఆపినా కత్తులు వెంటనే ఆగవు, ఇంకాసేపు తిరుగుతాయి. అందుకని తను ఒక్కతే వాటి చప్పుడు వింటూ కుడి చెయ్యి పైకెత్తి నిలబడేది. ఆ చెయ్యి దిగేదాకా ప్లాటు యజమానైనా, ఇన్‌స్పెక్టరైనా, ఎవరూ అడుగు వేయడానికి లేదు. డ్రైవర్ కూడా సీటు దిగేవాడు కాదు. ఒకసారి ఒక బిల్డరు నవ్వుతూ ముందుకొస్తే, అతని కారు అద్దం మీద ఇటుక వేసింది. ఆమె దగ్గర పనిచేసినవాళ్ళలో ఒక్కరికి కూడా వేలు పోలేదు, కాలు పోలేదు. ఇన్నేళ్ళలో పోయినవి అద్దాలు, గిన్నెలు, బోల్టులు. ఆమె కోపం ఎందుకో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ఇప్పుడు ఆ కోపానికి దణ్ణం పెడతాను.

సోమవారం పొద్దున పాడె కట్టారు. నాలా కాలువ అవతల శ్మశానానికి వెళ్ళే బాట వానలకి బేషరమ్‌తో పూర్తిగా మూసుకుపోయింది. మోసేవాళ్ళు కత్తులు తెమ్మన్నారు. డ్రైవర్ వెళ్ళి ట్రాక్టరు తెచ్చాడు. ముందు దిగి, మరకల పంచె తీసుకొచ్చి ఆమె మీద కప్పాడు. విధవరాలి మీద కుంకుమ మరకలేమిటని పెద్దవాళ్ళు సణిగారు. నేను వాళ్ళవైపు మా పెద్దమ్మ చూసినట్టే చూశాను, ఊరుకున్నారు. ఆడవాళ్ళు బాట మలుపు దాటి రాకూడదట. సరే, మలుపు దాకానే వెళ్ళాను.

పాడె కిందికి దింపారు. ఎవరూ చెప్పకుండానే అందరం వెనక్కి జరిగాం, డ్రైవర్ మీసం కనబడనంత దూరం. కట్టర్ పొదల్లోకి దిగింది. కొమ్మలు పటపటమని తెగుతున్నాయి, పాలు కారుతున్నాయి, ఊదారంగు పూలు గొలుసుల కింద నలిగి బురదలో కలిశాయి. మధ్యలో ఒక్కసారి రాయి ఖంగుమంది. బోల్టు విరిగింది. అతను ఆపి, కత్తులు ఆగాక దిగి మార్చి, మళ్ళీ ఎక్కాడు. బాట నాలా దాకా తెరుచుకుంది. ఇంజను ఆగిపోయింది.

కత్తులు ఇంకా తిరుగుతున్నాయి. ఆ చప్పుడు సన్నబడి, సన్నబడి ఆగింది. మోసేవాళ్ళు కదల్లేదు. నేను కదల్లేదు. డ్రైవర్ సీటు మీద వెనక్కి తిరిగి పాడెవైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె కుడి చెయ్యి పంచె కింద ఉంది.