బావ కొన్న పందెం కారు

పోయిన నెల ఒక ఉదయం నేను కోటగిరి బడిలో హాజరు తీసుకుంటుండగా, మా బావ కొట్లో పనిచేసే పెద్దాయన బస్సు దిగి నేరుగా తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "టీచరమ్మా, సేఠ్ ఇగ లేడు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. పిల్లలు నా ముఖం చూసి మాటలు ఆపేశారు.

బాన్సువాడ బజార్లో బట్టల కొట్టు సేఠ్ అంటే మీలో కొందరికి ఆయన గుర్తుకు రావచ్చు. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లకు ముందు చాయ్ తెప్పించేవాడు, చీరలు ఆ తర్వాతే విప్పేవాడు. ఆయన మా అక్క భర్త. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మరదలినని ఏనాడూ ఆటపట్టించలేదు. "బిడ్డా" అనే పిలిచేవాడు. నెమ్మదస్తుడు. అటువంటి మనిషికి వేగం మీద మోజు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

డెబ్బైల మొదట్లో, అంటే ఇప్పటికి ఇరవై ఏళ్ల కిందట, హైదరాబాదులో ఒకాయన పాత కారు అమ్ముతున్నాడని తెలిసి బావ బయలుదేరాడు. అక్కనూ నన్నూ వెంట తీసుకెళ్లాడు. వర్ని నుంచి తన స్నేహితుణ్ణి కూడా రమ్మన్నాడు. ఆ స్నేహితుడు వరి రైతు. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలవ కింద స్థిరపడ్డ కుటుంబం. సొంత ట్రాక్టరు ఉన్నవాడు కాబట్టి ఇంజన్ల సంగతి కొంత తెలుసునని బావ నమ్మకం.

చూడటానికి అది మామూలు చిన్న కారే. కాకపోతే నేలకు బాగా దగ్గరగా ఉంది. అమ్మే ఆయన దాన్ని పందేలలో నడిపాడట. బానెట్ ఎత్తి చూపించాడు. ఒక కార్బొరేటర్ ఉండాల్సిన చోట రెండు పెట్టించాడు. పొగగొట్టం తీసేసి లావుపాటిది వేయించాడు. కిందికి దిగాలని స్ప్రింగులు కోయించాడు. అన్నీ చెప్పి, చివర్లో బావ భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "ఇంజన్ బలం నేను పెంచిన. బ్రేకులు మాత్రం పాతవే. ముందుగాల అవి మార్పించు సేఠ్, తర్వాత ఉరికించు."

బావ తలూపాడు. అప్పటికే ఆయన చెవులు ఇంజన్ చప్పుడు మీద ఉన్నాయి.

అక్క వెనక సీట్లో కూర్చుని, "గింత కిందికి ఉన్నదేంది? నేల మీద కూసున్నట్టే ఉన్నది" అంది.

"నేల మీద కూసుంటె పడుతమన్న ఫికర్ ఉండది" అని బావ నవ్వాడు. ఆయన అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

బ్రేకుల పని వచ్చే నెల అనుకున్నారు. వచ్చే నెల పెళ్లిళ్ల కాలం వచ్చింది. తర్వాత పండగ బేరాలు వచ్చాయి. ఈలోగా కారు ఊరందరికీ ముద్దయింది. బజారు మూల తిరుగుతుండగానే దాని గర్జన ఇంటికి వినబడేది. అక్క లేచి అన్నం వడ్డించేది. బావ కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పీట ముందు పళ్లెం ఉండేది.

ఒక సాయంత్రం బావా, స్నేహితుడూ వర్ని నుంచి వస్తున్నారు. నస్రుల్లాబాద్ దాటాక కాలవ వంతెన మీదికి వడ్ల బస్తాల బండి ఎక్కింది. బావ బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. ఎద్దులను తప్పించబోయి వంతెన గోడను కొట్టాడు. దెబ్బ ఎడమ పక్కన పడింది. ఆ పక్కన స్నేహితుడు కూర్చున్నాడు.

నిజామాబాద్ దవాఖానలో ఆయన ప్రాణం నిలిచింది గాని ఎడమ చెయ్యి భుజం నుంచి ఇక లేవలేదు. బావకు గీత కూడా పడలేదు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, "నాకేం కాలే బిడ్డా, నాకేం కాలే" అని మళ్లీ మళ్లీ అన్నాడు. మొదట ధైర్యం చెబుతున్నాడనుకున్నాను. ఆ మాట ఆయన్ను ఎంత కోస్తున్నదో కాసేపటికి గాని అర్థం కాలేదు.

బంధువులు వచ్చి, హైదరాబాదు మనిషి పాడు బండి అంటగట్టి మోసం చేశాడన్నారు. బావ ఒప్పుకోలేదు. "గాయన దాస్తె కద మోసం. చెప్పిండు. నేనే ఇనలే." తర్వాత ఎవరు ఆ ప్రస్తావన తెచ్చినా ఇదే మాట. దానికి ముందూ వెనకా ఏమీ చేర్చేవాడు కాదు.

స్నేహితుడి భార్య మాత్రం ఒకటే అడిగింది. "మీ మీద కోపం లేదు అన్నయ్యగారూ. కానీ ఈ ఏడు పొలం ఎవరు చేస్తారు?"

బావ అప్పటిదాకా చేలో కాలు పెట్టినవాడు కాదు. నాట్ల కాలం రాగానే కొట్టు అక్కకు అప్పగించి వర్ని వెళ్లి స్నేహితుడి ట్రాక్టరు ఎక్కాడు. స్నేహితుడు గట్టు మీద నిలబడి, ఉన్న ఒక్క చెయ్యి ఊపుతూ, "మడి తొక్కమంటే గట్టు తొక్కుతారేంటి సేటూ" అని అరిచేవాడట. మోకాళ్లదాకా బురదతో బస్సు దిగిన బట్టల సేఠ్‌ను చూసి బజారు నవ్వింది. మరుసటి పంటకూ వెళ్లాడు. ఆ తర్వాతా వెళ్లాడు. కూలికి డ్రైవర్ను పెట్టుకుంటామని వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. కొన్నేళ్లకు బజారు నవ్వడం మానేసింది.

పాడైన కారు కోసం బోధన్ నుంచి ఒక కుర్ర కాంట్రాక్టరు వచ్చాడు. ఆ ఇంజన్ పేరు విని వచ్చాడు. ఎంతైనా ఇస్తానన్నాడు.

"బాగ ఉరుకుతదంట కద సేఠ్?"

"ఉరుకుతది. ఉరికించుడు ఎవలకైన వస్తది తమ్మీ. ఆపుడు ముందుగాల నేర్వాలె. నేను నేర్వలే" అన్నాడు బావ. అతనికి మంచినీళ్లిచ్చి పంపేశాడు.

తర్వాత మెకానిక్‌ను పిలిపించి, పందెం కోసం పెట్టిన సామానంతా తీయించి, మామూలు కారుగా చేయించాడు. బ్రేకులు కొత్తవి వేయించాడు. ఆ కారులో మెల్లగా దవాఖానకూ బస్టాండుకూ ఎంతమందినో దింపాడు. బజారు మూల తిరిగినప్పుడు దాని చప్పుడు మాత్రం ఇక అక్కకు వినబడేది కాదు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాక గాని తెలిసేది కాదు. అన్నం ఒక్కోసారి చల్లారిపోయేది. ఆయన అలాగే తినేవాడు.

కర్మకాండ అయ్యాక బావ అంగీ జేబులో ట్రాక్టరు తాళం చెవి దొరికింది. పోవడానికి ముందురోజు కూడా ఆయన వర్ని వెళ్లి దున్ని వచ్చాడు. అది ఇచ్చి రావడానికి నేను వెళ్లాను.

స్నేహితుడు మంచం మీద కూర్చుని తాళం చెవి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత భార్య వినేలాగే చెప్పాడు. "అమ్మా, ఆ రోజు వంతెన ముందు, ఇంకా తొక్కండి సేటూ, ఎంత పోద్దో చూద్దాం అన్నది నేనే. ఆయన వద్దన్నాడు. నేనే ఊరుకోలేదు."

ఆమె తలెత్తి భర్త వంక చూసింది.

"ఒకసారి అందరికీ చెప్పేద్దామన్నాను. 'ఇడిసిపెట్టు దోస్త్, స్టీరింగ్ ఎవల చేతుల ఉండె' అన్నాడు. అంతే, మళ్లీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు. నేనూ ఎత్తలేదు."

ఇన్నేళ్లూ ఒకే కంచంలో తిన్నట్టు బతికిన మేము, ఆయన బాధలో సగం ఆయనది కాదని తెలుసుకోలేకపోయాం. తెలిసి ఉంటే ఏమనేవాళ్లమో తెలియదు. కనీసం ఆ "నేనే ఇనలే" అన్న మాట దగ్గర ఒక్కసారైనా ఆయన్ను ఆపేవాళ్లం.

వచ్చేటప్పుడు పొలం మీదుగా నడిచాను. మడి సగం దున్ని ఉంది. మిగతా సగం అలాగే ఉంది. దున్నిన సగంలో కాలవ నీళ్లు నిండినా, చక్రాల చాళ్లు ఇంకా పూడలేదు. ఆ చాళ్ల వెంట తెల్లకొంగలు ఒక్కో అడుగే వేసుకుంటూ, గట్టుదాకా వెళ్లి, ఆగి, మళ్లీ వెనక్కి నడుస్తున్నాయి.