కొరియన్ డోలు మీద లింగయ్య

ఈ సాయంత్రం సౌదీలోని ధహ్రాన్‌లో కొరియన్ సంప్రదాయ సంగీతాన్ని అరబ్బుల ఊద్‌తో, మన తబలాతో కలిపి కచేరీ చేశారు. చివర్లో డోలు వాయించే కొరియన్ ఆవిడ, ఎవరైనా వచ్చి వాయించమని పిలిచింది. మాలో ఎవరూ లేవలేదు. తలుపు దగ్గర కుర్చీలు సర్దుతున్న లింగయ్య వెళ్ళాడు. మా కంపెనీ వాళ్ళముండే కాంపౌండ్‌లో మెయింటెనెన్స్ పని చేస్తాడు. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో డప్పు కొట్టేవాడు. రెండు నిమిషాల్లో హాలంతా చప్పట్లు. ఆవిడ అతని చేతులే చూస్తూ నిలబడిపోయింది.

అప్పుడు నా పక్కనున్న మా మేనేజర్ గట్టిగా అరిచాడు: "ఏందిరా లింగయ్యా, ఈడ ఎవరు సచ్చిండ్రని కొడుతున్నవ్?"

మా తెలుగువాళ్ళ వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను. లింగయ్య పుల్లలు కింద పెట్టి కుర్చీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆవిడ స్టేజీ దిగి వచ్చి, మా మేనేజర్ ఏమన్నాడని నన్ను ఇంగ్లీషులో అడిగింది.

"చాలా బాగా వాయించాడన్నారు," అని చెప్పాను.

ఆవిడ మురిసిపోయి లింగయ్యను మళ్ళీ రమ్మని చెయ్యి ఊపింది. అతను తలెత్తలేదు.

"మంచిగ చెప్పినవ్" అని మేనేజర్ నా భుజం తట్టాడు. మీలో ఇంకెవరికైనా నన్ను మెచ్చుకోవాలనుంటే కామెంట్లలో మెచ్చుకోండి.