పేరు పలకని గొంతు

పక్షవాతం వచ్చిన అమ్మను బచ్చన్నపేట నుంచి జనగామ దవాఖానకు తెచ్చాము. ఎడమ చెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది. మంచం మీదికి చేర్చినప్పటి నుంచీ నీళ్లు కావాలని సైగ చేస్తున్నది. నేను గ్లాసు అందుకోగానే నర్సు ఆపింది.

"ఆగక్కా. మింగుడు సక్కగ లేకుంటే నీళ్లు ఊపిరితిత్తులల్లకు పోతయి. ముందుగాల చూడాలె."

మనిషికి మాట అర్థమవుతుంటేనే చెంచాతో నీళ్లు పోసి చూస్తారట. లేకుంటే ముక్కులోంచి గొట్టమే. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోవద్దని ఊరూరా సభల్లో చెప్పినదాన్ని. పరీక్ష కానిమ్మన్నాను. గ్లాసు కింద పెట్టాను. అమ్మ చూపు మాత్రం గ్లాసు మీదే ఉంది.

నర్సు ఆమెను నిటారుగా కూర్చోబెట్టింది. "అవ్వా, మీ ఇంటాయన పేరేంది?"

అమ్మ పెదవులు బిగించింది.

"చెప్పవ్వా."

కుడి చేత్తో కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవ్వకు సమజైతలేదక్కా," అంది నర్సు మెల్లగా. "గొట్టం ఎయ్యాల్సి వస్తదేమో."

అంతలోనే ఆ కొంగును గుర్తుపట్టాను. మొగని పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందట! ఆ మూఢాచారాన్ని సభల్లో చీల్చి చెండాడాను. నాన్న పోయాక ఇంట్లో అమ్మతోనూ కొట్లాడాను. "బాపు పోయిండు గదనే అవ్వా, ఇంకేం తగ్గుతది?" అంటే ఇట్లాగే కొంగు అడ్డం పెట్టుకునేది.

"సమజైంది గనుకనే చెప్తలేదు చెల్లె," అన్నాను, నవ్వో ఏడుపో నాకే తెలియకుండా. "మొగని పేరు పలుకది. ఇంకోటి అడుగు."

"ఈమె ఎవరవ్వా?"

"నా బిడ్డ." ముద్దముద్దగా వచ్చింది మాట. "ఉత్త లొల్లిది."

నర్సు పకపకా నవ్వింది. చెంచాడు నీళ్లు పోసి, గొంతు మీద వేళ్లు ఆనించి చూసింది. గుటక పడింది. దగ్గు రాలేదు. "'ఆ' అను అవ్వా." గొంతులో గరగర లేదు. ఇంకో చెంచా. ఆ తర్వాత గ్లాసు. అమ్మ కళ్లు మూసుకుని తాగింది.

ఆ ఆచారం తప్పే. ఇప్పటికీ అంటాను. కానీ అమ్మ తెలివి చెక్కుచెదరలేదని నాకు దొరికిన మొదటి రుజువు అదే.

మర్నాడు జావ పోస్తూ, నర్సు చెప్పినట్టు, మధ్యమధ్య మాట్లాడించి గొంతు విన్నాను.

"బాపు పేరు చెప్పవే," అన్నాను.

"జర తాగనియ్యి బిడ్డా. గీ దవాఖానల గూడ మొదలువెట్టినవా?"

గొంతు తేటగా ఉంది. ఇంకో చెంచా నింపాను.