నాయనకు పెట్టిన పరీక్ష

ప్రశ్న తయారుచేయడం కన్నా తప్పు జవాబు తయారుచేయడం కష్టం. ఈ మాట అంటే మా బడిలో మిగతా టీచర్లు నవ్వుతారు గానీ, ఒకపూట కూర్చుని చేస్తే వాళ్ళకే తెలిసొస్తుంది. నేను రాయదుర్గం పక్క పల్లెలో హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. పిల్లల చేతికి ట్యాబులు వచ్చినప్పటి నుంచి ఆన్‌లైన్ పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసే పని నా నెత్తిన పడింది. కీబోర్డు చూడకుండా టైపు చేయడం వచ్చు, అదే నేను చేసిన నేరం. తొలకరికి వజ్రాలు వెతుక్కోవడానికి జనం చేరే ఊరేది అని అడిగి, వజ్రకరూరు పక్కన ఢిల్లీ, ముంబయి, చెన్నై పెడితే అది ప్రశ్న కాదు, మార్కుల దానం. తప్పు జవాబు కూడా కాసేపు నిజంలా కనబడాలి. అబద్ధమాడటం చేతకాని వాళ్ళు ఈ పనికి పనికిరారు.

ఇంకా చాలా రకాలున్నాయి. తప్పొప్పులు టీచరుకూ సులువే, పిల్లలకూ సులువే; పుస్తకం తెరవనివాడు కూడా కళ్ళు మూసుకుని సగం మార్కులు తెచ్చుకుంటాడు. జతపరచడంలో ఆఖరి జత దానంతటదే కుదురుతుంది కాబట్టి కుడివైపు ఒకటి ఎక్కువ పెట్టాలి. బొమ్మలను వేలితో జరిపి వరుసలో పెట్టమనడం నాకు అన్నింటికన్నా ఇష్టం, పిల్లలకూ ఇష్టం. ఏ రకమైనా ఒక నియమం మాత్రం మారదు. సరైన జవాబు ఏదో ముందే గుర్తుపెట్టకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ప్రశ్నను సేవ్ చేసుకోదు.

ఈ నియమం మా నాయనకు భలే నవ్వు తెప్పించేది. అమ్మా నాయనా రాయదుర్గంలో నా దగ్గరే ఉంటారు. నాయన ఈ ఊళ్ళోనే జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో కటింగ్ మాస్టరుగా చేశాడు. గుడ్డను దొంతరగా పరిచి, మిషన్‌తో కోసి, ముక్కల్ని కట్టలు కట్టి, కుట్టేవాళ్ళకు ఇవ్వడం ఆయన పని. పని మానేశాక సాయంత్రాలు నా పక్కన కుర్చీ వేసుకుని స్క్రీన్ చూస్తూ కూర్చునేవాడు.

"జవాబు నీకు ముందే తెల్సు గదా. తెల్సిందాన్ని మళ్ళా అడిగేదేంటికమ్మా?" అన్నాడొకసారి. పిల్లలకు తెలుసో లేదో చూడటానికని చెప్పాను. "అట్లయితే అది ప్రశ్న కాదు, పోలీసోళ్ళ విచారణ. మనకు తెలీక అడిగితేనే ప్రశ్న," అన్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. రోజంతా బడిలో గొంతు చించుకుని వస్తే ఇంట్లో ఈ పరాచికాలేమిటని అరిచాను. ఆయనకు కావలసిందీ అదే. సాయంత్రం కాఫీ లేకపోయినా ఉండేవాడు గానీ, నా కోపం చూడకుండా ఉండలేకపోయేవాడు.

పోయిన ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. బళ్ళారి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపించారు. అక్కడే మాట నేర్పే అమ్మాయి ఒకామె ఉంది, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడుతుంది. మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదనీ, అయితే మనం అనేది ఆయనకు అర్థమవుతోందో లేదో ఇప్పుడే చెప్పలేననీ అంది. వచ్చే నెల తీసుకొచ్చేలోపు ఇంట్లో మమ్మల్నీ కనిపెట్టి చూడమంది. అర్థమవుతోందంటే మాటల పాఠాలు సాగిస్తారు. లేదంటే ఆపేసి, కాళ్ళూ చేతుల వ్యాయామం వరకే చూస్తారు. ఆమె నెమ్మదిగానే చెప్పింది గానీ, నాకది పరీక్ష తేదీ చెప్పినట్టే వినబడింది.

ఇంటికి వచ్చాక చుట్టాలు రావడం మొదలుపెట్టారు. మంచం పక్కనే నిలబడి, మనిషైతే ఉన్నాడు గానీ ఏమీ తెలీదు పాపం అనేవాళ్ళు. ఆయనకు కాదు, తెలీనిది మీకు అని ఒకామె మొహం మీదే అనేశాను. ఆమె కాఫీ తాగకుండా లేచిపోయింది. అంతకన్నా నన్ను బాధపెట్టింది మా అమ్మ. పెళ్ళైన నాటి నుంచీ ఆయనతో రోజూ కొట్లాడిన మనిషి, కొట్లాడటం మానేసింది. గొంతు తగ్గించి, పసిబిడ్డకు చేసినట్టు అన్నీ చేసి పెట్టేది. ఆమె అలా మెత్తబడిపోతుంటే ఇంట్లో ఒక మనిషి లేనట్టే ఉండేది నాకు.

చేతిలో ఉన్న విద్య ఇదొక్కటే కాబట్టి నాయనకే పరీక్ష పెట్టాను. మొదట తప్పొప్పులు. నీ పేరు ఇదేనా అంటే తల ఊపాడు. ఇది రాయదుర్గమేనా అంటే ఊపాడు. నువ్వు బళ్ళారికి రాజువా అంటే దానికీ ఊపాడు. అమ్మ ముందు నవ్వింది, ఆ వెంటనే కొంగు కళ్ళకు అద్దుకుంది. సరే, ఈ రకం పనికిరాదనుకున్నాను. ఇంట్లో వస్తువులన్నీ ఫోటోలు తీశాను: స్టీలు కంచంలో అన్నం, నీళ్ళ గ్లాసు, ఫ్యాను, చేతికర్ర, ఆయన పాత కత్తెర, అమ్మ, నేను. ట్యాబులో నాలుగేసి బొమ్మలు పెట్టి ఏది ఎక్కడుందో చూపించమన్నాను. ఎప్పుడూ ఎడమవైపు మొదటి బొమ్మే నొక్కేవాడు. చదవని పిల్లలు కూడా ఇంతే, అన్నింటికీ 'ఎ' పెట్టి ఆటకు పోతారు. బొమ్మలు పెద్దవి చేసి, పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి పెట్టాను. అప్పుడు కాస్త దారికి వచ్చాడు. ఫ్యాను అంటే ఫ్యాను, కత్తెర అంటే కత్తెర చూపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం నిలవలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి ట్యాబు ఎడంచేత్తో దగ్గరికి లాక్కుని కంచం బొమ్మ నొక్కేవాడు. నొక్కి నా మొహంలోకి చూసేవాడు. పరీక్ష రాసే పిల్లలూ అంతే, జవాబు నొక్కి ఒప్పో తప్పో టీచరు మొహంలో వెతుక్కుంటారు. ఆకలేమోనని అమ్మ అన్నం కలిపి తెచ్చేది. ఆయన తోసేసేవాడు. మళ్ళీ కంచమే నొక్కేవాడు. మళ్ళీ పెడితే మళ్ళీ తోసేసేవాడు, మెతుకులు మంచమంతా పడేవి. ఎవరైనా చూడటానికి వచ్చినా ఇదే వరస. కంచం నొక్కడం, అన్నం వస్తే తోసేయడం. నీ బొమ్మలతో ఆయన్ను ఇంకా అయోమయంలో పడేస్తున్నావని అమ్మ నన్ను విసుక్కుంది.

ఆఖరి ఆశగా నాకిష్టమైన రకం తయారుచేశాను. ఆయనకు బాగా తెలిసిన పనే ఇచ్చాను. గుడ్డ తాను, కోసిన ముక్కల కట్ట, కుట్టుమిషన్, ఇస్త్రీ చేసిన ప్యాంటు. ఏ పని తర్వాత ఏదో వరుసలో పెట్టమన్నాను. కుడివైపు ఒకటి ఎక్కువ పెట్టే అలవాటు నాది కదా, ఇక్కడా ఒక దొంగ బొమ్మ కలిపాను. చేతికి దొరికింది కంచం బొమ్మ. ఆయన చాలాసేపు చూశాడు. గుడ్డ తాను ముందు పెట్టాడు, తర్వాత కోసిన కట్ట పెట్టాడు. మూడోదిగా కంచాన్ని లాక్కొచ్చి, దాని తర్వాత మిషన్ పెట్టాడు. తెర మీద ఎర్రగుర్తు పడింది. కంచం తీసేసి మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ అక్కడే పెట్టాడు. ఒక్కో జబ్బుమనిషికి ఒక్క జవాబే తగులుకుని, ఏమడిగినా అదే వస్తుందని బళ్ళారి అమ్మాయి ముందే చెప్పింది. ఇది అదేననుకున్నాను. ఆ రోజు ట్యాబు మూసి బీరువా మీద పెట్టేశాను.

ఆదివారం నాడు ఒకామె చూడటానికి వచ్చింది. యూనిట్‌లో నాయన కోసిచ్చిన ముక్కలు కుట్టిన మనిషి, ఇప్పటికీ కుడుతోంది. బొరుగుల పొట్లం అమ్మ చేతికిచ్చి, మంచం పక్కన కింద కూర్చుంది. నాయన బీరువా వైపు చెయ్యి చాపి ఒకటే గొడవ. పడలేక ట్యాబు తీసిచ్చాను. కంచం నొక్కి ఆమె మొహంలోకి చూశాడు. అమ్మ నిట్టూర్చి అన్నం తేవడానికి లేచింది.

"తింటి మాస్టరన్నా. సంగటి, పప్పు. తినే వచ్చినా," అంది ఆమె, ఎప్పుడూ చెప్పే మాట చెప్పినట్టు.

నాయన తల ఊపాడు. ట్యాబు పక్కకు జరిపి దిండుకు ఆనుకున్నాడు. ఇన్నాళ్ళలో ఆయన మొహం అంత తేటగా చూడలేదు నేను. అమ్మ వంటింటి గడపలోనే ఆగిపోయింది.

నీకెట్లా తెలిసిందని అడిగితే, ఇందులో తెలియడానికేముందన్నట్టు చూసింది. యూనిట్‌లో మధ్యాహ్నం నాయన కట్ట చేతిలో పట్టుకుని ఒక్కొక్కరినీ తిన్నావా అని అడిగేవాడట. తిన్నానంటేనే కట్ట ఇచ్చేది. "కడుపు ఖాళీగా ఉంటే చెయ్యి వణుకుతాది, సూది ఏల్లో దిగుతాది అంటాండె. మేము అబద్ధం చెప్పినా మొగం చూసి కనుక్కుంటాండె," అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, గుడ్డ తాను, కోసిన కట్ట, కంచం, ఆ తర్వాత మిషన్. ఆయన సరిగ్గానే పెట్టాడు. ఎర్రగుర్తు వేసింది నేను.

తిన్నావా అనే ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ విన్నదే. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషిని కూడా ఆయన అడగకుండా వదిలేవాడు కాదు. రోజూ వినే మాట చెవికి ఆనదు, నేనెప్పుడూ ఊఁ అని లోపలికి పోయేదాన్ని. ఇన్ని రకాల ప్రశ్నలు తయారుచేసినా, ఆయన నన్ను అడగడానికి ఒక్కటి కూడా తయారుచేయాలని తోచలేదు.

మరుసటి రోజు నేను బడి నుంచి రాగానే మామూలుగానే కంచం నొక్కి నా మొహం చూశాడు. పరీక్ష అప్‌లోడ్ చేసే హడావిడిలో మధ్యాహ్నం డబ్బా మూతే తీయలేదు నేను. "లేదు నాయనా, తినలేదు," అన్నాను. ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరవబోతుంటే ఎడంచేత్తో దాని మూత మూసి, చెయ్యి దానిమీదే ఉంచాడు. తినకపోతే కట్ట లేదు. వంటింట్లోకి పోయి కంచంలో అన్నం పెట్టుకుని, ఆయన ఎదురుగా కూర్చుని ఏడుస్తూ తిన్నాను. ఆ మనిషి రోజూ మా ఆకలి అడుగుతుంటే, మేము ఆయన ముందు అన్నం పెట్టి, తోసేశాడని విసుక్కున్నాం. ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు నాకు, నా మీద అంత కోపమూ రాలేదు.

బళ్ళారి పోయే రోజు అమ్మ చిత్రాన్నం డబ్బా కట్టింది. మా వంతు వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఆ అమ్మాయి తన కార్డులు పరిచి, ఇది చూపించు, అది చూపించు అంది. కొన్ని చూపించాడు, కొన్ని తప్పాడు. ఆమె ఏదో రాసుకుంటుంటే నేను మెడ చాచి ఆ కాగితం వైపు చూశాను. ఇంతలో నాయన నా సంచీలోంచి ట్యాబు లాగి, కంచం నొక్కి, ఆమె మొహంలోకి చూశాడు. మిమ్మల్ని తిన్నారా అని అడుగుతున్నాడని చెప్పాను.

ఆమె పెన్ను ఆపింది. "ఇన్నూ ఊట ఆగిల్ల అజ్జా," అంది నవ్వుతూ, ఇంకా తినలేదు తాతా అని.

నాయన బల్ల మీది కార్డులన్నీ ఎడంచేత్తో దగ్గరికి లాగి, ఒక్కటిగా చేర్చి, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాపింది. ఇవ్వలేదు. బతిమాలింది. ఇవ్వలేదు. చివరికి బల్ల సొరుగులోంచి తన డబ్బా తీసి మా ముందే తిన్నది. ఆఖరి ముద్ద అయ్యాక కార్డులు ఆమె చేతిలో పెట్టాడు. అడగడం తెలిసిన మనిషికి, జవాబు విని దాన్ని బట్టి పని చేసే మనిషికి, ఇంక వేరే పరీక్ష ఏముందని అంది. పాఠాలకు ఏయే వారాల్లో రావాలో రాసిచ్చింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన, నాయన మధ్యలో, నేను ఈ చివర కూర్చున్నాం. బస్సు ఇంకా కదల్లేదు. అమ్మ ఉన్నట్టుండి మొదలుపెట్టింది, పాత గొంతుతో, ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూసేటట్టు.

"ఊరందర్నీ అడుగుతాడు. బళ్ళారి దంకా వచ్చి యెవరో పిల్లను అడిగినాడు. ఇన్నేండ్లలో నన్ను ఒక్కనాడన్నా అడిగినాడా ఈ మనిషి? నేను తింటే ఏమి, తినకుంటే ఏమి."

నాయన నా సంచీ మీద చెయ్యి వేశాడు. ట్యాబు తీసిచ్చాను. కంచం బొమ్మ నొక్కి, ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. బయట వేరుశనగలమ్మేవాడు రెండుసార్లు అటూ ఇటూ పోయినా ఇటు తిరగలేదు. నాయన చూపు తిప్పలేదు.

"లేదు, తినలే," అంది చివరికి, బయటికి చూస్తూనే.

నాయన ఒళ్ళో ఉన్న చిత్రాన్నం డబ్బాను ఎడంచేత్తో ఆమె వైపు జరిపాడు.