నూలుపోగు వాసన ఎరిగిన ముక్కు

మొన్న ఎమ్మిగనూరు నుంచి ఫోను. "ఈరన్న పోయినాడప్పా" అన్నారు. నాకు మగ్గం నేర్పిన గురువు, వస్త్రశాస్త్ర కోవిదుడు, నాసికా ప్రవీణుడు మగ్గం ఈరన్న దివంగతుడయ్యాడంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన పరీక్ష లోకవిదితం. గుడ్డ అంచున పోగు లాగి, అగ్గిపుల్లతో అంటించి వాసన చూసేవాడు. కాగితం కాలినట్టుంటే నూలు, వెంట్రుక కాలినట్టుంటే పట్టు, కరిగి ముద్దకడితే పాలిస్టరు. ఈ మహాయజ్ఞానికి స్థలకాల నియమాల్లేవు. ఒకసారి ఆదోని బస్సులో పక్కాయన పంచె పోగు అంటించినందుకు కండక్టరు దింపేస్తే, దిగుతూ కండక్టరు చొక్కా పోగు కూడా లాక్కుపోయాడు.

"కూడు మానుకుంటా గానీ పోగు సంగతిలో అబద్ధం సెప్పనురా" అనేవాడు.

ఇక నా పెళ్ళినాటి సంగతి. మా అమ్మకు చదువు రాదు. ఆమెకు ఇది చదివి వినిపించే పుణ్యాత్ములు దయచేసి ఇక్కడే ఆపెయ్యండి. పెద్దకడుబూరు చేలల్లో పత్తి తీసిన కూలితో అమ్మ కోడలికి పట్టుచీర కొన్నది. ముట్టుకోగానే నాకు తెలిసిపోయింది, అది పాలిస్టరు. అంగడివాడు అమ్మను నిలువునా ముంచాడు. నోరు మూసుకున్నాను. పెళ్ళిపందిట్లో మా ఆవిడ మేనత్త చీర నలిపి చూసి, "ఇది పట్టేనా? ఈరన్నా, కాల్చి సెప్పు!" అంది. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఈరన్న పోగు లాగి, అమ్మ వైపు ఒకసారి చూశాడు. అగ్గిపుల్ల గీసి ముక్కుకు మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. చుర్రుమంది.

"అబ్బా, ఏం వాసనప్పా! పట్టే!" అన్నది మేనత్తే.

"వెంట్రుక కాలిన వాసనే" అన్నాడు ఈరన్న, అరచేత్తో మూతి మూసుకుని. ఆ రోజంతా అమ్మ తలెత్తుకుని తిరిగింది.

భోజనాల దగ్గర చూస్తే ఆయన ఎడమ మీసం సగం లేదు.

"నాకోసం అబద్ధమాడితివా అన్నా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

"థూ! నేనేడ అబద్ధమాడినారా? వెంట్రుక వాసన అంటిని. కాలింది వెంట్రుకే కదా!" అని కసిరి, ఇంకో ఓళిగ వేయించుకున్నాడు.

నిన్న ఆయన్ను సాగనంపి వస్తుంటే అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "అది శానా మేలైన పట్టు కదరా?" అని అడిగింది.

కాల్చుకుందామంటే నాకు మీసం లేదు. "ఔనమ్మా, పట్టే" అన్నాను. ఇలాంటి చోట అబద్ధమాడకుండా అమ్మను కాపాడటం ఒక్క ఈరన్నకే చేతనయింది. ఆ విద్య మాత్రం నాకు నేర్పకుండానే పోయాడు.